గేజ్ ఒక్కటే చాలదు: సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ కొలిచి జబ్బు పట్టుకోవడం

రెండు పాత స్ప్లిట్ ఏసీలు, రెండింట్లోనూ ఆర్-22 గ్యాస్. రెండూ సరిగా చల్లబరచడం లేదు. గేజ్ పెడితే రెండింటిలోనూ సక్షన్ (కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే ఆవిరి వైపు) ప్రెషర్ 50 పీఎస్ఐ ఉంది. మామూలుగా ఉండాల్సిన 60-70 కంటే తక్కువ కాబట్టి "గ్యాస్ తగ్గింది" అని చెప్పి రెండింటికీ టాప్-అప్ చేసేవాళ్లే ఎక్కువ. కానీ సక్షన్ పైపు మీద థర్మామీటర్ పెట్టి చూస్తే మొదటి దానిలో మైనస్ 1 డిగ్రీ, రెండో దానిలో 15 డిగ్రీలు. ఆర్-22 కి 50 పీఎస్ఐ దగ్గర మరిగే ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 3. పైపు ఉష్ణోగ్రతకీ దీనికీ ఉన్న తేడానే సూపర్‌హీట్: మొదటి ఏసీలో 2, రెండో దానిలో 18.

మొదటి ఏసీలో గ్యాస్ చాలినంత ఉంది. దాన్ని మరిగించడానికి గాలే అందడం లేదు. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా బ్లోయర్ రెక్కల నిండా మట్టి పట్టి ఉంటుంది, లేదా కూలింగ్ కాయిల్ మీద ఐస్ కట్టి ఉంటుంది. దానికి గ్యాస్ ఎక్కిస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి పోయి కొన్నాళ్లకు కంప్రెసర్‌నే తినేస్తుంది. రెండో ఏసీలో కాయిల్‌కి ద్రవం అందడం లేదు. అది లీకేజీ కావచ్చు, చోకింగ్ (దారి మూసుకుపోవడం) కావచ్చు. ఆ రెండింట్లో ఏదో తేల్చేది సబ్‌కూలింగ్, అంటే బయటి కాయిల్‌లో (కండెన్సర్) ద్రవం ఎంత అదనంగా చల్లబడిందన్న లెక్క. ఒకే ప్రెషర్ వెనక మూడు వేర్వేరు జబ్బులున్నాయి, మూడింటికీ మూడు వేర్వేరు రిపేర్లు. ప్రెషర్ మాత్రమే చూసి గ్యాస్ ఎక్కించడం వల్ల నష్టపోయేది కస్టమరే. గ్యాస్ వాడకంతో అరిగిపోయే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే.

ఈ రెండు తేడాలు చెప్పేది ఏమిటి

ప్రతి రిఫ్రిజరెంట్‌కీ ఒక్కో ప్రెషర్ దగ్గర ఒక్కో మరిగే ఉష్ణోగ్రత ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు 100 దగ్గర కాకుండా 120 దగ్గర మరిగినట్టే ఇదీ. ప్రెషర్ తెలిస్తే ఉష్ణోగ్రత తెలుస్తుంది, ఉష్ణోగ్రత తెలిస్తే ప్రెషరూ తెలుస్తుంది. దీన్నే సాచురేషన్ ఉష్ణోగ్రత అంటారు. ద్రవం, ఆవిరి రెండూ కలిసి ఉన్నంతసేపే ఈ లెక్క నిజం.

కూలింగ్ కాయిల్‌లో ద్రవం మరుగుతూ పోయి చివరి చుక్క కూడా ఆవిరయ్యాక, ఆ ఆవిరి ఇంకా వేడెక్కడం మొదలవుతుంది. అలా మరిగే ఉష్ణోగ్రత కంటే ఎన్ని డిగ్రీలు పైకి ఎక్కిందో అదే సూపర్‌హీట్. అది తక్కువగా ఉంటే ద్రవం కాయిల్ చివరి దాకా వచ్చేసిందని, ఎక్కువగా ఉంటే కాయిల్ సగంలోనే ద్రవం అయిపోయి మిగతా సగం ఊరికే ఉందని అర్థం.

కండెన్సర్‌లో ఇది తిరగబడుతుంది. ఆవిరి మొత్తం ద్రవమయ్యాక ఆ ద్రవం ఇంకా చల్లబడుతుంది. సాచురేషన్ కంటే ఎన్ని డిగ్రీలు కిందికి దిగిందో అది సబ్‌కూలింగ్. కండెన్సర్ అడుగున ద్రవం ఎంత నిలిచి ఉందో ఇది చెబుతుంది. సబ్‌కూలింగ్ సున్నా అయితే, ద్రవం ప్రెషర్ తగ్గించి కూలింగ్ కాయిల్‌లోకి వదిలే క్యాపిల్లరీకో (సన్న గొట్టం) ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌కో ద్రవంతో పాటు బుడగలు కూడా పోతున్నాయి.

సిస్టం మొత్తంలో ద్రవం ఎక్కడ, ఎంత నిలిచి ఉందన్నదే అసలు ప్రశ్న. ఒక చివర సూపర్‌హీట్, ఇంకో చివర సబ్‌కూలింగ్ దానికి జవాబు చెబుతాయి.

జేబులో పెట్టుకోవాల్సిన అంకెలు ఇవి. అన్నీ గేజ్ ప్రెషర్లు, సుమారుగా:

ఆర్-22: 5 డిగ్రీల దగ్గర 70 పీఎస్ఐ, 45 దగ్గర 236.
ఆర్-410ఏ: 5 దగ్గర 121, 45 దగ్గర 381.
ఆర్-32: 5 దగ్గర 123, 45 దగ్గర 391.
ఆర్-134ఏ: మైనస్ 10 దగ్గర 14, 45 దగ్గర 153.
ఆర్-404ఏ: మైనస్ 10 దగ్గర 48, 45 దగ్గర 283.

మిగతా వాటికి మానిఫోల్డ్ గేజ్ డయల్ మీదున్న ఉష్ణోగ్రత వలయాలు చూడొచ్చు. ఫోన్‌లో డాన్‌ఫాస్ వాళ్ల రెఫ్ టూల్స్ యాప్ పెట్టుకుంటే ఇంకా మేలు. డయల్ మీద మూడు నాలుగు గ్యాసుల వలయాలు పక్కపక్కనే ఉంటాయి. ఆర్-22 వలయం చూడబోయి పక్క వలయం చదవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. ముందు యూనిట్ స్టిక్కర్ మీద గ్యాస్ పేరు చూడండి. ఎవరైనా ఇదివరకు గ్యాస్ మార్చి ఉంటే ఆ స్టిక్కర్‌నీ నమ్మలేం.

ఆర్-407సీ లాంటి మిశ్రమాల్లో మరగడం మొదలయ్యే ఉష్ణోగ్రతకీ పూర్తయ్యే ఉష్ణోగ్రతకీ 5-6 డిగ్రీల తేడా ఉంటుంది. వాటిలో సూపర్‌హీట్‌కి డ్యూ పాయింట్ (మరగడం పూర్తయ్యే ఉష్ణోగ్రత), సబ్‌కూలింగ్‌కి బబుల్ పాయింట్ (మరగడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తీసుకోవాలి. అటుదిటు చేస్తే ఆ 5-6 డిగ్రీల తప్పు మీ లెక్కలోకి వచ్చేస్తుంది, బాగున్న సిస్టం జబ్బుగా కనిపిస్తుంది. ఆర్-404ఏ లో ఈ తేడా ఒక డిగ్రీ లోపే, ఆర్-410ఏ లో ఇంకా తక్కువ. పట్టించుకోనక్కర్లేదు.

కొలిచే ముందు

ఫిల్టర్ కడగండి, అవుట్‌డోర్ కాయిల్ కడగండి, బ్లోయర్ ఫుల్ స్పీడ్‌లో పెట్టండి, కాయిల్ మీద ఐస్ ఉంటే పూర్తిగా కరగనివ్వండి. మురికి కాయిల్ మీద తీసిన రీడింగ్ మురికి గురించే చెబుతుంది, గ్యాస్ గురించి కాదు. తర్వాత మెషీన్‌ని కనీసం 15 నిమిషాలు ఆపకుండా నడపండి. కంప్రెసర్ ఆన్ అయిన మూడో నిమిషంలో వచ్చే అంకెలకి విలువ లేదు.

పైపు మీద ఉష్ణోగ్రత తీయడానికి క్లాంప్ ప్రోబ్ వాడండి. లేజర్ చుక్క వేసే ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే రాగి మీద తప్పు చూపిస్తుంది. రాగి తన వేడిని సరిగా వెలువరించదు కాబట్టి గన్ చదివేది చుట్టుపక్కల వస్తువుల ప్రతిబింబాన్ని. గన్ తప్ప వేరే ఏదీ లేకపోతే పైపు చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేప్ రెండు చుట్లు చుట్టి దాని మీద తీయండి, ఫరవాలేదనిపించే రీడింగ్ వస్తుంది. క్లాంప్ పెట్టే చోట పైపుని ఎమరీ పేపర్‌తో రుద్ది మెరిసేలా చేయండి. ప్రోబ్ బిగించాక దాని మీద ఫోమ్ ఇన్సులేషన్ ముక్క చుట్టి కట్టండి. అవుట్‌డోర్ ఫ్యాన్ ఊదే వేడి గాలి నేరుగా ప్రోబ్‌కి తగిలితే రీడింగ్ రెండు మూడు డిగ్రీలు సులువుగా పెరుగుతుంది.

ప్రోబ్ సరిగా ఉందో లేదో చూడటానికి గ్లాసులో ఐసు ముక్కలు నిండా వేసి కాస్త నీళ్లు పోసి ముంచండి. సున్నా చూపించాలి. గేజ్ కూడా గొట్టం విప్పి ఉన్నప్పుడు సున్నా దగ్గర నిలబడాలి, లేకపోతే డయల్ స్క్రూతో సరిచేసుకోండి.

ఇంకో మాట: ఇవి తేడాలు. 10 సెల్సియస్ డిగ్రీల సూపర్‌హీట్ అంటే ఫారెన్‌హీట్‌లో 18, అంతేకానీ 50 కాదు. విదేశీ చార్టులు చూసేటప్పుడు 32 కలపకూడదు.

భద్రత సంగతి. ఆర్-32 కి స్వల్పంగా మండే గుణం ఉంది, ఆర్-290 అయితే ఎల్పీజీ కుటుంబానికి చెందిన ప్రొపేన్. బ్రేజింగ్‌కి (పైపుల్ని మంటతో అతకడానికి) ముందు గ్యాస్ పూర్తిగా తీసి నైట్రోజన్‌తో తోలాలి. పంప్‌డౌన్ (గ్యాస్‌ని అవుట్‌డోర్ వైపుకి లాగి మూయడం) చేసేటప్పుడు వదులుగా ఉన్న ఫ్లేర్ నట్ (పైపు బిగించే నట్) గుండా గాలి లోపలికి పోతే కంప్రెసర్‌లో గాలి, నూనె, గ్యాస్ కలిసి పేలే ప్రమాదం ఉంది. గేజ్ సున్నాకి చేరకముందే ఆపేయండి. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా లిక్విడ్ వైపు గొట్టం విప్పొద్దు.

సూపర్‌హీట్ కొలవడం

సక్షన్ సర్వీస్ పోర్టుకి నీలం గొట్టం బిగించండి. ప్రెషర్ చూసి దాని సాచురేషన్ ఉష్ణోగ్రత రాసుకోండి. అదే పోర్టుకి ఒక జానెడు దూరంలో సక్షన్ పైపు మీద క్లాంప్ పెట్టి ఉష్ణోగ్రత తీయండి. పైపు ఉష్ణోగ్రతలోంచి సాచురేషన్ తీసేస్తే సూపర్‌హీట్.

ఉదాహరణకు ఆర్-32 ఏసీ. సక్షన్ 123 పీఎస్ఐ, అంటే 5 డిగ్రీలు. పైపు 14 డిగ్రీలు. సూపర్‌హీట్ 9. 

కోల్డ్‌రూమ్‌ల్లో ఈ కొలత రెండు చోట్ల తీయాలి. కూలింగ్ కాయిల్ బయటికొచ్చే చోట, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ బల్బు (పైపు వేడిని పసిగట్టి వాల్వ్‌ని నడిపేది) పక్కన తీసేది కాయిల్ సూపర్‌హీట్. వాల్వ్ ఎలా పనిచేస్తోందో అది చెబుతుంది. కంప్రెసర్ దగ్గర తీసేది మొత్తం సూపర్‌హీట్, కంప్రెసర్ క్షేమాన్ని అది చెబుతుంది. మధ్యలో పొడవైన సక్షన్ లైన్ ఉంటే దాని ఇన్సులేషన్ చిరిగిన చోటల్లా వేడి లోపలికి పోతుంది, రెండో అంకె పెరుగుతుంది. కాయిల్ దగ్గర 5, కంప్రెసర్ దగ్గర 30 వస్తే వాల్వ్‌ని ముట్టుకోవద్దు. పైపు మీద ఇన్సులేషన్ మార్చండి.

సబ్‌కూలింగ్: స్ప్లిట్ ఏసీలో ఉన్న చిక్కు

లిక్విడ్ పైపు మీద పోర్టు ఉన్న ప్యాకేజ్ యూనిట్లు, డక్టబుల్ ఏసీలు, కోల్డ్‌రూమ్‌ల్లో ఇది తేలిక. ఎర్ర గొట్టం బిగించి డిశ్చార్జ్ (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వైపు) లేదా లిక్విడ్ ప్రెషర్ చూసి సాచురేషన్ తీయండి. కండెన్సర్ నుంచి బయటికొచ్చే సన్న పైపు మీద ఉష్ణోగ్రత తీయండి. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే సబ్‌కూలింగ్.

మన ఇళ్లలో ఉండే స్ప్లిట్ ఏసీల సంగతి వేరు. చాలా వాటిలో క్యాపిల్లరీ గానీ ఎలక్ట్రానిక్ వాల్వ్ గానీ అవుట్‌డోర్ యూనిట్ లోపలే ఉంటుంది. అంటే గోడ గుండా ఇండోర్‌కి వెళ్లే సన్న పైపులో ఉన్నది శుద్ధమైన లిక్విడ్ కాదు. అప్పటికే ప్రెషర్ పడిపోయి చల్లబడిన మిశ్రమం. ఆ పైపు మీద థర్మామీటర్ పెట్టి సబ్‌కూలింగ్ లెక్కేస్తే 30, 35 అని అర్థం లేని అంకెలొస్తాయి. పైగా పోర్టు ఒక్కటే ఉంటుంది, అదీ సక్షన్ వైపే.

అలాంటి చోట పైకప్పు రేకు, పక్క రేకు విప్పి కండెన్సర్‌నే చూడాలి. కాయిల్ పక్క అంచున యూ-బెండ్లు వరసగా కనిపిస్తాయి. పైనుంచి మూడో వంతు దగ్గర మొదలుపెట్టి మధ్య దాకా మూడు నాలుగు బెండ్ల ఉష్ణోగ్రత తీయండి. పక్కపక్కన ఉన్నవి దాదాపు ఒకే అంకె చూపిస్తే అక్కడ ఆవిరి ద్రవంగా మారుతున్నట్టు. ఆ అంకే కండెన్సింగ్ సాచురేషన్. తర్వాత కండెన్సర్ చివరి పైపు, క్యాపిల్లరీ స్ట్రెయినర్‌కి ముందు తీయండి. యూ-బెండ్లు 50, 50, 49 చూపించి చివరి పైపు 44 ఉంటే సబ్‌కూలింగ్ సుమారు 6. ఇది గేజ్‌తో వచ్చేంత కచ్చితం కాదు, కానీ లీకేజీనా చోకింగా అని తేల్చడానికి చాలు. ప్రోబ్ మీద ఫోమ్ మాత్రం తప్పనిసరి, అక్కడ ఫ్యాన్ గాలి జోరుగా ఉంటుంది.

రేకు విప్పి పనిచేసేటప్పుడు ఫ్యాన్ రెక్క, కెపాసిటర్ టెర్మినళ్లు చేతికి తగిలేంత దగ్గర్లోనే ఉంటాయి. ప్రోబ్‌లు పవర్ ఆపి బిగించి, తర్వాత ఆన్ చేసి దూరం నుంచి చదవండి. రేకులు తీసేసి ఉంటే గాలి కాయిల్ గుండా కాక పక్కల నుంచి పోతుంది కాబట్టి చదివేముందు తిరిగి మూయండి.

ఎంత ఉండాలి

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉన్న ఏసీల్లో కాయిల్ సూపర్‌హీట్ 5 నుంచి 7 డిగ్రీలు. పాలు, కూరగాయలు పెట్టే కోల్డ్‌రూమ్‌ల్లో 3 నుంచి 6. ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ రూమ్‌ల్లో 2 నుంచి 4. కంప్రెసర్ దగ్గర మొత్తం సూపర్‌హీట్ 10-11 కంటే తగ్గకపోతే నిశ్చింత. సబ్‌కూలింగ్ వాల్వ్ ఉన్న ఏసీల్లో 5 నుంచి 8, నేమ్‌ప్లేట్ మీద అంకె రాసి ఉంటే అదే ప్రమాణం. రిసీవర్ ట్యాంకు ఉన్న సిస్టంలో కండెన్సర్ చివర 2-4 ఉన్నా చాలు, ఎందుకంటే అదనపు ద్రవం రిసీవర్‌లో పోగవుతుంది, కండెన్సర్‌లో నిలవదు.

క్యాపిల్లరీ ఉన్న ఏసీకి ఒకే అంకె లేదు. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. క్యాపిల్లరీ తనంత తాను తెరుచుకోదు, మూసుకోదు. బయట వేడి పెరిగి కండెన్సర్ ప్రెషర్ పెరిగితే దాని గుండా ఎక్కువ ద్రవం తోసుకుపోతుంది, సూపర్‌హీట్ తగ్గుతుంది. గదిలో తేమ, వేడి ఎక్కువుంటే ద్రవం త్వరగా మరిగిపోయి సూపర్‌హీట్ పెరుగుతుంది. అందుకే లక్ష్యాన్ని ఆ రోజు వాతావరణం నుంచి లెక్కగట్టాలి. ఫిక్స్‌డ్ ఆరిఫిస్ (క్యాపిల్లరీలా రంధ్రం సైజు మారని) మెషీన్ల కోసం వాడే లెక్క సెల్సియస్‌లో ఇలా ఉంటుంది: గదిలోంచి ఇండోర్‌లోకి తిరిగొచ్చే గాలి వెట్ బల్బ్ ఉష్ణోగ్రతని (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపించేది) మూడుతో గుణించండి, బయటి గాలి ఉష్ణోగ్రత తీసేయండి, ఇంకో 9 తీసేయండి, మిగిలిన దాన్ని సగం చేయండి. కంపెనీ చార్ట్ ఉంటే దానికే మొదటి స్థానం. లేనప్పుడు ఈ లెక్క బాగా దారి చూపిస్తుంది.

విశాఖలో బయట 32, గదిలో వెట్ బల్బ్ 21 అనుకోండి. 63 లోంచి 32, 9 పోతే 22, సగం 11. సూపర్‌హీట్ 11 ఉండాలి. అదే మెషీన్ రామగుండంలో మే నెల మధ్యాహ్నం, బయట 43, లోపల వెట్ బల్బ్ 19. 57 లోంచి 43, 9 పోతే 5, సగం 2.5. రెండూ సరైన అంకెలే. లక్ష్యం 3 కంటే తక్కువ వచ్చే ఎండలో సూపర్‌హీట్ చూసి గ్యాస్ ఎక్కించడం ప్రమాదం. కొలతలో రెండు డిగ్రీల తప్పు వచ్చినా ద్రవం కంప్రెసర్‌లోకి పోతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చేయండి, లేదా గ్యాస్ మొత్తం తీసి నేమ్‌ప్లేట్ బరువు ప్రకారం తూకం వేసి ఎక్కించండి. తూకాన్ని మించిన పద్ధతి లేదు.

దీని రెండో వైపు కూడా చూడండి. జనవరిలో బయట 25 ఉన్నప్పుడు సర్వీస్‌కి వెళ్లి, ప్రెషర్ తక్కువుందని సూపర్‌హీట్ 4 అయ్యేదాకా గ్యాస్ ఎక్కిస్తే ఆ రోజు బాగానే కనిపిస్తుంది. ఏప్రిల్ వచ్చేసరికి సూపర్‌హీట్ సున్నా అవుతుంది, కంప్రెసర్ అడుగు భాగం చల్లబడి చెమట పడుతుంది, నూనె నురగ కడుతుంది. మే నెలలో కంప్రెసర్ పోతే ఎండల వల్లే అనుకుంటారు.

సక్షన్ పైపు చెమట పట్టిందా లేదా చూసి గ్యాస్ సరిపోయిందనే అలవాటుని కూడా వదిలేయాలి. తీరంలో గాలి తేమకి 20 డిగ్రీల పైపు కూడా ధారగా చెమట పడుతుంది, అప్పుడు సూపర్‌హీట్ 15 ఉండొచ్చు. అనంతపురం ఎండుగాలిలో సరిగ్గా ఛార్జ్ అయిన పైపు కూడా పొడిగా ఉండొచ్చు. చెమట చెప్పేది ఆ ఊరి గాలి గురించి.

రెండు అంకెలు కలిపి చదవడం

సూపర్‌హీట్ ఎక్కువ, సబ్‌కూలింగ్ తక్కువ: సిస్టంలోనే గ్యాస్ తక్కువ. లీక్ వెతకండి. ముందు ఫ్లేర్ నట్ల దగ్గర, తర్వాత సర్వీస్ వాల్వ్ పిన్నులు, ఇండోర్ కాయిల్ బెండ్లు. నూనె మరక ఉన్న చోట సబ్బు నురగ పెట్టండి. దొరక్కపోతే నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ నిలుస్తుందో లేదో చూడండి.

సూపర్‌హీట్ ఎక్కువ, సబ్‌కూలింగ్ మామూలు లేదా ఎక్కువ: గ్యాస్ ఉంది, దారిలో ఎక్కడో ఆగిపోతోంది. డ్రయర్ (తేమ, మురికి పట్టే ఫిల్టర్), స్ట్రెయినర్ (జాలీ), క్యాపిల్లరీ, వాల్వ్, లేదా నొక్కుకుపోయిన పైపు.

సూపర్‌హీట్ తక్కువ, సబ్‌కూలింగ్ ఎక్కువ: క్యాపిల్లరీ మెషీన్ అయితే ఓవర్ ఛార్జ్. వాల్వ్ ఉన్న మెషీన్ ఓవర్ ఛార్జ్ అయితే సూపర్‌హీట్ మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే వాల్వ్ దాన్ని పట్టుకుని ఉంచుతుంది. సబ్‌కూలింగ్, హెడ్ ప్రెషర్ (డిశ్చార్జ్ వైపు ప్రెషర్) మాత్రం పెరుగుతాయి. వాల్వ్ ఉన్న సిస్టంని సూపర్‌హీట్ చూసి ఛార్జ్ చేయకూడదనేది ఇందుకే. గ్యాస్ ఎంత ఎక్కిస్తున్నా సూపర్‌హీట్ కదలదు.

సూపర్‌హీట్ తక్కువ, సక్షన్ ప్రెషర్ కూడా తక్కువ, సబ్‌కూలింగ్ బాగానే ఉంది: గాలి తక్కువ. మొదట్లో చెప్పిన మొదటి ఏసీ ఇదే.

సూపర్‌హీట్ తక్కువ, సక్షన్ ఎక్కువ, సబ్‌కూలింగ్ తక్కువ: వాల్వ్ అతిగా తెరుచుకుంది. ముందు బల్బు పైపు నుంచి ఊడి వేలాడుతోందేమో చూడండి.

సక్షన్ ఎక్కువ, డిశ్చార్జ్ తక్కువ, ఆంపియర్లు నేమ్‌ప్లేట్ కంటే బాగా తక్కువ: సూపర్‌హీట్ ఎంతైనా ఉండొచ్చు, కంప్రెసర్ వాల్వ్ ప్లేట్లు లేదా స్క్రోల్ అరిగిపోయి పంపింగ్ పోయింది.

కండెన్సర్ మురికి పట్టినప్పుడు హెడ్ ప్రెషర్ పెరుగుతుంది కానీ సబ్‌కూలింగ్ పెద్దగా పెరగదు. మామూలుగా కండెన్సింగ్ ఉష్ణోగ్రత బయటి గాలి కంటే 10 నుంచి 17 డిగ్రీలు ఎక్కువుంటుంది. 42 డిగ్రీల ఎండలో 55 దగ్గర కండెన్స్ అవుతూ ఆర్-22 సుమారు 300 పీఎస్ఐ, ఆర్-32 సుమారు 496 చూపించడం జబ్బు కాదు. అదే ఎండలో 68-70 దాకా పోతే కాయిల్ కడగాలి, ఫ్యాన్ కెపాసిటర్ చూడాలి, అవుట్‌డోర్ ముందు గోడో గ్రిల్లో అడ్డం ఉందేమో చూడాలి.

డిశ్చార్జ్ పైపుని కూడా కంప్రెసర్ నుంచి ఒక జానెడు దూరంలో కొలవండి. 105 డిగ్రీలు దాటితే నూనె మాడిపోవడం మొదలవుతుంది. సూపర్‌హీట్ ఎక్కువున్న ప్రతి సిస్టంలోనూ ఇది పెరుగుతుంది. గ్యాస్ తక్కువున్నా "చల్లదనం కొంచెం తగ్గింది కదా, నడవనివ్వండి" అంటే కంప్రెసర్ కాలిపోయేది ఈ దారిలోనే.

ఒక కోల్డ్‌రూమ్‌లో చోకింగ్ పట్టుకోవడం

2 డిగ్రీల కూరగాయల గది, ఆర్-404ఏ, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, రిసీవర్. గది 9 దగ్గర ఆగిపోయింది. సక్షన్ 35 పీఎస్ఐ, అంటే సుమారు మైనస్ 17. బల్బు దగ్గర పైపు మైనస్ 1. సూపర్‌హీట్ 16, కాయిల్ ఆకలితో ఉంది. డిశ్చార్జ్ 272 పీఎస్ఐ, అంటే 43. కండెన్సర్ చివర 39. సబ్‌కూలింగ్ 4, రిసీవర్ ఉన్న సిస్టంకి ఇది మామూలే. సైట్ గ్లాస్‌లో (లిక్విడ్ పైపులోకి చూసే అద్దం) మాత్రం బుడగలు పోతున్నాయి.

బుడగలు చూడగానే చాలామంది సిలిండర్ అందుకుంటారు. సైట్ గ్లాస్ సాధారణంగా డ్రయర్ తర్వాత ఉంటుంది. డ్రయర్ చోక్ అయితే దాని గుండా ప్రెషర్ పడిపోయి ద్రవం అక్కడే మరగడం మొదలెడుతుంది, గ్లాసులో బుడగలు వస్తాయి. గ్యాస్ సరిపడా ఉన్నా వస్తాయి. కాబట్టి ముందు డ్రయర్‌కి రెండు వైపులా ప్రోబ్ పెట్టండి. ఇక్కడ లోపలికి 38, బయటికి 31. తేడా 7 డిగ్రీలు. మంచి డ్రయర్‌లో ఈ తేడా ఒక డిగ్రీ కూడా ఉండకూడదు. అరచేతితో పట్టుకున్నా తెలిసిపోయేంత తేడా ఇది. బాగా ముదిరితే బయటి వైపు చెమట, ఐస్ కూడా పడతాయి.

రిసీవర్ వాల్వ్ మూసి పంప్‌డౌన్ చేసి, 2-3 పీఎస్ఐ దగ్గర ఆపి, డ్రయర్ మార్చండి. నైట్రోజన్ సన్నగా పోనిస్తూ బ్రేజ్ చేయండి, లేకపోతే పైపు లోపల ఏర్పడే నల్ల మసి కొత్త డ్రయర్‌ని మళ్లీ మూసేస్తుంది. తెరిచిన భాగాన్ని 500 మైక్రాన్ల దాకా వాక్యూమ్ చేసి వదలండి.

డ్రయర్ రెండు వైపులా ఒకే ఉష్ణోగ్రత ఉండి, గ్లాస్ నిండుగా ఉంటే తప్పు వాల్వ్ దగ్గరుంది. వాల్వ్ మీద వేడినీళ్ల గుడ్డ వేయండి. ఒక్కసారిగా సక్షన్ పెరిగితే లోపల తేమ గడ్డకట్టి దారి మూసింది, డ్రయర్ మార్చి వాక్యూమ్ చేయాల్సిందే. మార్పు లేకపోతే బల్బుని పైపు నుంచి విప్పి గుప్పిట్లో పట్టుకోండి. వాల్వ్ తెరుచుకుని సక్షన్ పెరగాలి. పెరగకపోతే వాల్వ్ ఇన్లెట్ జాలీ తీసి చూడండి. జాలీ శుభ్రంగా ఉంటే పవర్ హెడ్‌లోని (బల్బుకి కలిసి ఉండే వాల్వ్ పైభాగం) గ్యాస్ పోయినట్టు. సక్షన్ పెరగడం చూశాక గుప్పిట్లో ఎక్కువసేపు ఉంచొద్దు, కంప్రెసర్‌లోకి ద్రవం పోతుంది.

అదే గదిలో లీకేజీ ఉంటే సక్షన్, సూపర్‌హీట్ ఇలాగే ఉండి, డిశ్చార్జ్ 225 దగ్గర, అంటే 36, కండెన్సర్ చివర 35 ఉండేది. సబ్‌కూలింగ్ 1, డ్రయర్‌కి రెండు వైపులా ఒకే వేడి, గ్లాసులో బుడగలు. సక్షన్ గేజ్ ఒక్కటే చూసేవాడికి ఈ రెండు కేసులూ ఒకేలా కనిపిస్తాయి.

ఎక్స్‌పాన్షన్ వాల్వ్ తిప్పే ముందు

బల్బు అడ్డంగా పోయే పైపు మీద, రాగి పట్టీతో గట్టిగా, ఇన్సులేషన్ కింద ఉండాలి. 7/8 అంగుళం, అంతకంటే లావు పైపులైతే గడియారంలో 4 లేదా 8 ఉన్న చోట, సన్నవైతే పైభాగంలో. అడుగున పెట్టొద్దు, అక్కడ నూనె ప్రవహిస్తూ బల్బుకి తప్పు చెబుతుంది. ఈక్వలైజర్ పైపు (సక్షన్ ప్రెషర్‌ని వాల్వ్‌కి చేరవేసే సన్న పైపు) బల్బు తర్వాత కలవాలి. ఇవన్నీ సరిగా ఉండి, గది దాదాపు సెట్ ఉష్ణోగ్రతకి వచ్చాకే స్పిండిల్ (వాల్వ్ సరిచేసే స్క్రూ) ముట్టుకోండి. గది వేడిగా ఉన్నప్పుడు సూపర్‌హీట్ ఎక్కువే ఉంటుంది, అప్పుడు వాల్వ్ తెరిస్తే గది చల్లబడ్డాక ద్రవం పొంగుతుంది. చాలా వాల్వుల్లో కుడివైపు తిప్పితే సూపర్‌హీట్ పెరుగుతుంది. ఒక్కసారికి పావు చుట్టు, ఆపైన 15-20 నిమిషాలు ఆగి మళ్లీ కొలత.

సబ్‌కూలింగ్ అబద్ధం చెప్పేది ఎప్పుడంటే

వాక్యూమ్ సరిగా చేయకపోతే లోపల మిగిలిన గాలి కండెన్సర్‌లో చేరి కూర్చుంటుంది. గాలి అక్కడ ద్రవంగా మారదు, కానీ తన ప్రెషర్ కలుపుతుంది. గేజ్ ఎక్కువ చూపిస్తుంది, దాంతో లెక్కగట్టిన సాచురేషన్ ఎక్కువొస్తుంది, సబ్‌కూలింగ్ 15 అని కనిపిస్తుంది. చూసినవాళ్లు ఓవర్ ఛార్జ్ అనుకుని గ్యాస్ తీస్తారు. హెడ్ ప్రెషర్ కాస్త దిగుతుంది, కూలింగ్ ఇంకా తగ్గుతుంది.

తేల్చడానికి రెండు మార్గాలు. నడుస్తుండగా కండెన్సర్ మధ్య యూ-బెండ్ ఉష్ణోగ్రత తీసి, గేజ్ చెప్పే సాచురేషన్‌తో పోల్చండి. గేజ్ 58 అంటే బెండ్ 49 ఉంటే గాలి ఉందని గట్టి అనుమానం. రెండోది, కంప్రెసర్ ఆపి కండెన్సర్ ఫ్యాన్ మాత్రం నడిపి, కాయిల్ బయటి గాలి ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగండి. అప్పటి ప్రెషర్, ఆ ఉష్ణోగ్రతకి చార్ట్‌లో ఉన్న ప్రెషర్ సమానంగా ఉండాలి. బాగా ఎక్కువుంటే గాలి ఉన్నట్టే. మొత్తం గ్యాస్ తీసి, వాక్యూమ్ చేసి, తూకంతో మళ్లీ నింపడమే దారి.

ఇన్వర్టర్లు, ఫ్రిజ్‌లు

ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ స్పీడు, ఎలక్ట్రానిక్ వాల్వ్ రెండూ నిమిష నిమిషానికీ మారుతుంటాయి. గ్యాస్ కొంత తగ్గినా వాల్వ్ ఇంకొంచెం తెరుచుకుని సూపర్‌హీట్‌ని చాలాసేపు మామూలుగానే చూపిస్తుంది. మాన్యువల్‌లో ఉన్న టెస్ట్ మోడ్ పెట్టి స్పీడు స్థిరం చేశాకే కొలవండి. ఛార్జింగ్ మాత్రం తూకంతోనే. నేమ్‌ప్లేట్ బరువుకి తోడు పైపు పొడవు ఎక్కువైతే మీటరుకి ఎన్ని గ్రాములు కలపాలో ఇన్‌స్టలేషన్ షీట్‌లో ఉంటుంది.

ఇంటి ఫ్రిజ్‌లో, చిన్న విజీ కూలర్లలో (గాజు తలుపు కూలర్లు) గ్యాస్ కొన్ని పదుల గ్రాముల నుంచి రెండు మూడు వందల గ్రాముల దాకానే. గేజ్ గొట్టం నింపుకునే గ్యాసే ఛార్జ్‌ని దెబ్బతీస్తుంది. అందుకే ముందు గేజ్ పెట్టొద్దు. కాయిల్ మొదట్లో, చివర్లో ఉష్ణోగ్రత తీయండి. రెండూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉంటే కాయిల్ నిండింది. మొదలు మైనస్ 24, చివర మైనస్ 8 అయితే కాయిల్‌కి ద్రవం చాలడం లేదు. అప్పుడు కండెన్సర్ చివర చేయి పెట్టి చూడండి: గది వేడి మాత్రమే ఉండి కండెన్సర్ పైభాగం కూడా అంతగా వేడెక్కకపోతే లీక్ వైపు, పైభాగం వేడిగా ఉండి అడుగు చల్లగా ఉంటే క్యాపిల్లరీ చోకింగ్ వైపు వెతకండి.

అమోనియాతో నడిచే పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో ఫ్లడెడ్ కాయిల్స్ ఉంటే ఈ సూపర్‌హీట్ లక్ష్యాలు వర్తించవు. అక్కడ కాయిల్‌లోంచి ద్రవం కలిసి రావడమే డిజైన్, దాన్ని సర్జ్ డ్రమ్ వేరుచేస్తుంది. చూడాల్సింది డ్రమ్ లెవల్, ఫ్లోట్ వాల్వ్.